పాళెము వెలుపలికి

ధ్యాన భాగములు: లేవీయకాండము 14:1-9, మార్కు 1:40-45



కుష్ఠరోగిని గూర్చిన ధర్మశాస్త్ర అధ్యాయములను మనము త్వరత్వరగా చదివి దాటిపోవుదుము. రోగి పాళెము వెలుపల నివసింపవలెనను సంగతి అందరికి జ్ఞాపకమే. కాని 14వ అధ్యాయము 3వ వచనమును నేను చాలకాలము గమనింపలేదు. రోగిని పరీక్షించుటకు యాజకుడే పాళెము విడిచి వెలుపలికి పోవలెనని అక్కడ ఉన్నది.

వెలుపల ఉండుట యెట్టిదో మన సంఘములకు ఎవరును నేర్పనక్కరలేదు. మన తాతముత్తాతలలో అనేకులు ఊరి వెలుపలి వాడలలో పుట్టి, ఊరి బావిని ముట్టరానివారై యుండగా సువార్త వినినవారే. అట్టి మనము నేడు మరియొకరిని వెలుపల నుంచుచున్నాము. నేను హెచ్.ఐ.వి. గలవారిని గూర్చి చెప్పుచున్నాను.

కొండగట్టు క్రిందుగా జగిత్యాలకు పోవు బాట మన ప్రాంతపు వలస బాట. జగిత్యాల, కోరుట్ల పల్లెలనుండి గల్ఫు దేశములకు, సిరిసిల్ల నేతకుటుంబములనుండి భివండికిని సూరతునకును మనుష్యులు తరతరములుగా పోవుచున్నారు. భార్యాబిడ్డలకు ఏండ్ల తరబడి దూరముగా, పదిమంది ఒక్క గదిలో బ్రదుకుదురు. గల్ఫు వీసాకు రక్తపరీక్ష తప్పదు. ఈ వ్యాధి యున్నదని తేలినచో 'అన్‌ఫిట్' అను కాగితము చేతికి వచ్చును. అక్కడికి పోయిన తరువాత తేలినచో వెనుకకు పంపివేయుదురు. ఆ కాగితము జేబులో పెట్టుకొని వచ్చినవాడు ఊరికేమి చెప్పును? ఏజెంటు మోసము చేసెననును, లేదా కామెర్లనును. భార్యకును అదే చెప్పును. ఆమెకు ప్రమాదము అక్కడనే మొదలగును.

మన దేశములో ఈ వ్యాధి మొదట 1986లో మద్రాసులో కనుగొనబడెను. డాక్టరు సునీతి సోలోమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల పరీక్షించిన రక్తము, వేశ్యావృత్తిలో పట్టుబడి నిర్బంధములో నున్న స్త్రీలది. ఆనాడు లోకము ఆ స్త్రీలనే దోషులనెను. కాని భయపెట్టినకొలది రోగులు దాగుకొందురని ప్రభుత్వము క్రమముగా గ్రహించెను. 1992లో జాతీయ నియంత్రణ కార్యక్రమము ప్రారంభమైనది. ఆ తరువాతి యేండ్లలో, తృణీకరింపబడిన ఆ స్త్రీలనుండియు, హిజ్రాలనుండియు, వలస కూలీలనుండియు కొందరిని ఎన్నుకొని, తమవారికి తామే బోధించునట్లు తర్ఫీదు నిచ్చిరి. నిరోధ్‌లు పంచినది వారే, పరీక్షకు తోడుపోయినది వారే. (సంఘపత్రికలో ఈ మాట వ్రాయుట కొందరికి నచ్చకపోవచ్చును. ప్రాణములు కాపాడిన వస్తువు గనుక వ్రాసితిని.) యాజకుడు వెలుపలికి పోవుట యనగా నాకు వారు జ్ఞాపకము వత్తురు. అయితే పరదేశ ధనము మీద నిలిచిన పని ఎంత బలహీనమో కూడ చూచితిమి. 2021లో హైదరాబాదులో హిజ్రాల కొరకు తెరిచిన మిత్ర్ క్లినిక్కు, అమెరికా సహాయము ఆగిపోగా 2025లో మూతపడెను. పిమ్మట వేరొక పేరుతో తెరువబడెను.

నేడు మందు లేదని ఎవరును చెప్పజాలరు. 2004 నుండి ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా ఇచ్చుచున్నారు. క్రమముగా వాడి, రక్తములో వైరసు పరీక్షకు చిక్కనంతగా తగ్గినవారినుండి దాంపత్యము ద్వారా వ్యాధి సోకదు. గర్భిణికి సకాలమున మందిచ్చినచో బిడ్డ మిక్కిలి తరచుగా తప్పించుకొనును. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న చట్టము ప్రకారము సమ్మతి లేక పరీక్షింపరాదు, ఫలితము బయటపెట్టరాదు, పనినుండి గాని బడినుండి గాని వెళ్లగొట్టరాదు. మందును చట్టమును ఉండగా ఇంక అడ్డమేమి? మన నాలుక.

డిచ్‌పల్లి మనకు దూరము కాదు. డాక్టరు ఇసబెల్ కెర్ అను స్కాట్లండు మిషనరీయు, ఆమె భర్తయు 1915లో అక్కడ కుష్ఠరోగులకు ఆశ్రమము నెలకొల్పిరి. నర్సాగౌడు అను హిందూ ధనికుడు దానమిచ్చెను. అప్పటికి నమ్మదగిన మందే లేదు. మందు లేనినాడు వారు రోగులను చేర్చుకొనిరి. మందున్న నాడు మనమేమి చేయుచున్నాము?

నేను చేసినది చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట ప్రసంగపీఠము మీదనుండి ఈ వ్యాధిని పాపపు కూలి యని గట్టిగా చెప్పితిని. ఆ వారము కూర్చుండి వినిన ఒక విధవరాలు మరుసటి వారము రాలేదు, ఆ తరువాతను రాలేదు. భర్త దుబాయినుండి వచ్చి చనిపోయినవాడు. ఆమె ఏ పాపము చేసెను? పెండ్లి చేసికొనెను. మార్కు సువార్తలో ప్రభువు ముందుగా చేయి చాపి రోగిని ముట్టెను, పిమ్మటనే యాజకునియొద్దకు పరీక్షకు పంపెను. ముట్టకయే నేను తీర్పు చెప్పితిని. ఆ కథ చివర ఇంకొకటి యున్నది: బాగుపడినవాడు ఊరిలోనికి పోయెను, ప్రభువు మాత్రము ఊరిలోనికి బాహాటముగా పోలేక వెలుపల అరణ్య స్థలములలో నుండెను. ఆయన వాని చోటు తీసికొనెను.

ఆమె సమ్మతితో, పేరు ఊరు చెప్పక ఇది వ్రాయుచున్నాను. చాల ఆలస్యముగా ఆమె యింటికి పోతిని. క్షమింపుమని అడిగితిని. ఆమె దానికి బదులు చెప్పలేదు.

"చాయ్ పెడ్త, మా ఇంట్ల తాగుతరా అయ్యగారూ?" అనెను.

త్రాగితిని. కూతురికి పరీక్ష చేయింపలేదనియు, ఒక్కతె ఆసుపత్రికి పోవుటకు భయమనియు అప్పుడు చెప్పెను. సోమవారము ముగ్గురము బస్సెక్కితిమి. ఫైలును ఆమె పాత వార్తాపత్రికలో చుట్టి ఒడిలో పెట్టుకొనెను. కొండగట్టు దాటువరకు ఎవరమును మాటలాడలేదు. ఆ బిడ్డ ఫలితమేమో మీరు అడుగుదురు. అది ఎవరికి చెప్పవలెనో ఆ తల్లీ బిడ్డల ఇష్టము, నేనిక్కడ వ్రాయను.