కాణిపాకమున నవ్వును, నిజమును

తిరుమలేశుని దర్శించుకొని మరలు యాత్రికులలో పెక్కుమంది చిత్తూరు త్రోవను కాణిపాకమునకు వత్తురు. చిత్తూరు పట్టణమునకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున, ఐరాల మండలమున, బాహుదా నదీతీరమున ఈ క్షేత్రము కలదు. ఇచ్చటి మూలమూర్తి వరసిద్ధి వినాయకుడు. బావిలో వెలసిన స్వయంభువు. ఆ చేరువనే మణికంఠేశ్వరుడును, వరదరాజస్వామియు కొలువుదీరియున్నారు. 11వ శతాబ్దిలో కులోత్తుంగ చోళుడు ఆలయమును నిర్మించెననియు, 1336లో విజయనగర ప్రభువులు దానిని విస్తరింపజేసిరనియు క్షేత్రచరిత్ర చెప్పుచున్నది. 2022 ఆగస్టులో నూతన నిర్మాణానంతరము మహాకుంభాభిషేకము జరిగినది.

అలిపిరి మెట్లవలె మోకాళ్ళు పట్టుకొని ఎక్కవలసిన శ్రమ ఇచ్చట లేదు. ఏటిగట్టు నుండి కోనేటికి, కోనేటి నుండి సన్నిధికి, సన్నిధి నుండి వరదరాజస్వామి గుడికి వృద్ధులైనను తాపీగా నడచి రాగలరు. నడక చిన్నదే గాని దాని చివర పెద్ద పరీక్ష కలదు. ఇది ప్రమాణముల క్షేత్రము. తగవు తెగనివారు కోనేట మునిగి, తడిబట్టలతో స్వామి యెదుట నిలిచి ప్రమాణము చేయుదురు. త్రాగుడు మానదలచినవారును ఇచ్చటనే మాట యిత్తురు. ఈ సన్నిధిలో అబద్ధమాడినవానికి కీడు తప్పదని చుట్టుప్రక్కల జనులకు గట్టి నమ్మకము. అందుచే నవ్వుచు వచ్చినవారు సైతము గర్భగృహమును సమీపించు వేళకు మాట తగ్గించుదురు.

నవ్వు ఎంతవరకు మేలు చేయును? ఎచ్చట అది నిజమునకు ముసుగగును? ఈ ప్రశ్నకు ఈ చిన్న నడకలోనే సమాధానము దొరకును. దృష్టాంతముగా ఒక కుటుంబమును ఊహింపవచ్చును.

ఆ జిల్లాకే చెందిన ఒక వైష్ణవ గృహస్థుల ఇల్లు. వృద్ధురాలైన తల్లి, ఇద్దరు కుమారులు, కోడండ్రు, పిల్లలు. అన్నదమ్ములకు ఉమ్మడిగా ఒక మామిడితోట కలదు. రెండేండ్లు కాపును అన్నయే అమ్మెను, లెక్క చెప్పలేదు. తమ్ముడు అడిగినపుడెల్ల ఆయన నవ్వి, "మన చెట్టు కాయలే గదరా, ఎవరు తిన్ననేమి?" అనుచుండెను. ఆ నవ్వు తమ్ముని గుండెలో ముల్లువలె నాటుకొనెను. తుదకు ఒకనాడు, "నీవేమియు వాడుకొనలేదని కాణిపాకములో ప్రమాణము చేయుము" అనెను. అన్న దానికిని నవ్వి, "పోదము పద" అనెను. తల్లి మాత్రము నవ్వలేదు. తిరుమల యాత్ర ముగించుకొని అందరును కాణిపాకమున దిగిరి.

దారి చూపుటకు ఆ యూరి పెద్దాయన ఒకడు వెంట నడచెను. చేతికర్ర, తలపాగ, నోటినిండ మాటలు. చిన్న మనుమడు, "తాతా, గుడి ఎంత దూరము?" అని అడిగెను.

"అబద్ధమాడేవానికి ఆరామడ, నిజం చెప్పేవానికి ఆరడుగులు అబ్బోడా. మీ నాయన్ను అడుగు, ఎంత దూరమో ఆయనే చెప్తాడు" అనెను పెద్దాయన. అందరును నవ్విరి. అన్న అందరికంటె బిగ్గరగా నవ్వెను.

తల్లికి మనసులో ఒక సంకోచము కలదు. "మా యింట ఏ కార్యమునకైనను విష్వక్సేనారాధనమే మొదలు నాయనా. ఇచ్చటికి వచ్చుట మా పెద్దలకు సమ్మతమో కాదో" అనెను.

పెద్దాయన చేతులు జోడించి, "ఆ విష్వక్సేనులవారి కొలువులో ఏనుగు మొగమాయన ఒకడుండాడని మీ శ్లోకములోనే చెప్తారు గదమ్మా. కంచిలో వరదరాజులు ఏనుగుకొండ మీద నిలబడినాడు. ఈడ ఏనుగు మొగమాయనే వరదరాజుల పక్కన నిలబడినాడు. వాళ్ళిద్దరికీ లేని తగవు మనకెందుకు తల్లీ?" అనెను. 'తగవు' అన్న మాటకు అన్నదమ్ములిద్దరును తలలు ప్రక్కకు త్రిప్పుకొనిరి.

ఇంతలో ఏటిగట్టు వచ్చినది. వానలు లేని నెలలలో ఇచ్చట నీటికంటె ఇసుకయే మిక్కిలిగా కనబడును. పెద్దాయన కర్రతో ఇసుకను చూపి బాహుదా నది కథను చెప్పసాగెను. ఈ కథ మహాభారతమున శాంతిపర్వములో కలదు. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు, ఇరువురును తపస్వులు, బాహుదాతీరమున వేర్వేరు ఆశ్రమములలో నివసించుచుండిరి. ఒకనాడు లిఖితుడు అన్న ఆశ్రమమునకు వచ్చెను. శంఖుడు లేడు. చెట్లకు పండ్లు పండియున్నవి. లిఖితుడు కోసి తినుచుండగా శంఖుడు వచ్చెను.

"అన్న అడిగినాడు, ఈ పండ్లు యాడివిరా అని. తమ్ముడు దగ్గరికొచ్చి దండం పెట్టి, నవ్వుతా, ఈడివే గదన్నా అన్నాడు" అని పెద్దాయన ఆగెను. "ఆ నవ్వు దగ్గరే ఉండాది సామీ కథంతా. పండు కోసింది ఆకలికి. ఆకలిని ఎవురైనా మన్నిస్తారు. నవ్వింది మాత్రం తప్పును చిన్నది చేసేదానికి."

అన్న ముఖమున అంతవరకు నున్న నవ్వు అచ్చటనే నిలిచిపోయెను.

కథ సాగినది. అడుగక తీసికొనుట దొంగతనమే యగుననియు, రాజునొద్దకు పోయి శిక్ష ననుభవింపుమనియు శంఖుడు చెప్పెను. లిఖితుడు మారుమాటాడక సుద్యుమ్న మహారాజునొద్దకు పోయెను. రాజు క్షమింపజూచెను. లిఖితుడు అంగీకరింపలేదు, శిక్షయే కోరెను. రాజు ఆతని చేతులు నరికించెను. ఆ స్థితిలో తిరిగివచ్చిన తమ్ముని చూచి శంఖుడు, "నాకు నీపై కోపము లేదు. నీవు ధర్మమును దాటితివి; దానికి ప్రాయశ్చిత్తమైనది. బాహుదకు పోయి దేవతలకును, ఋషులకును, పితరులకును తర్పణము విడువుము" అనెను. లిఖితుడు నీట దిగి తర్పణమునకు పూనుకొనగనే తామరలవంటి చేతులు మరల మొలిచినవి. బాహువుల నొసగినది గనుక బాహుద. ఆ నది యిదియేనని ఈ క్షేత్ర సంప్రదాయము.

"తాతా, చేతులు ముందే ఎందుకు రాలేదు?" అని మనుమడు ప్రశ్నించెను.

"రాజు దగ్గరికి పోయి తప్పు ఒప్పుకున్నంకనే ఏరు చేతులిచ్చింది అబ్బోడా. నవ్వుతా నిలబడినప్పుడు ఇయ్యలేదు" అనెను పెద్దాయన.

లిఖితుడును అన్నను ఇట్టి ప్రశ్నయే అడిగెను. "నీ తపోబలము ఇంతటిదైనపుడు నన్ను మొదటనే ఏల పవిత్రుని చేయవైతివి?" అనెను. దండించు అధికారము తనకు లేదనియు, అది రాజునకే కలదనియు, శిక్షించుటచే రాజును, అనుభవించుటచే లిఖితుడును పవిత్రులైరనియు శంఖుడు బదులు చెప్పెను. ప్రేమ యున్నచోటను తప్పునకు లెక్క చెప్పవలసినదే యని దీని తాత్పర్యము.

ఏటి నుండి గుడివైపు నడచుచు పెద్దాయన స్థలపురాణమును అందుకొనెను. పూర్వము ఈ యూరికి విహారపురి యని పేరట. ముగ్గురు అన్నదమ్ములు, ఒకడు గ్రుడ్డి, ఒకడు మూగ, ఒకడు చెవిటి. వారికున్నది చిన్న చెక్క భూమి. బావి యెండిపోగా లోతు చేయుటకు త్రవ్విరి. గునపము రాతికి తగిలి రక్తము చిమ్మెను, బావినీరు ఎఱ్ఱబడెను. ఆ నీటి స్పర్శచే ముగ్గురి వైకల్యములును తొలగిపోయినవి. జనులు గుమిగూడి కొబ్బరికాయలు కొట్టగా ఆ నీరు ఎకరా పాతిక నేలపై పారెను. కాణి యనగా ఎకరా పాతిక మాగాణి. పారకము అనగా నీరు పారుట. కాణిపారకమే కాణిపాకమైనది.

"ఒక సంగతి చూడండి సామీ" అని పెద్దాయన కర్ర నిలువబెట్టెను. "అంత చిన్న చెక్కలో ముగ్గురన్నదమ్ములు తగవు లేకుండా ఎట్ల బతికినారు? ఒకనికి కండ్లు లేవు, పక్కోని వాటా కనపడదు. ఒకనికి మాట లేదు, ఎదురు చెప్పలేడు. ఒకనికి చెవులు లేవు, చాడీలు వినపడవు. ఇంక తగవు యాడిది?"

కోడండ్రు కొంగులు నోటికి అడ్డము పెట్టుకొని నవ్విరి. తమ్ముడును నవ్వెను. నవ్వు తగ్గిన పిమ్మట పెద్దాయన మెల్లగా, "మరి సామి వాళ్ళకు కండ్లు, నోరు, చెవులు ఎందుకిచ్చినాడు? తగవులాడుకొమ్మనా?" అనెను. ఎవరును బదులు పలుకలేదు.

కోనేటి మెట్లకడకు వచ్చిరి. తమ్ముడు ఉత్తరీయము తీసి ప్రక్కన పెట్టెను. అన్న ఆతని చేయి పట్టుకొనెను.

"ఉండరా. ముందు మునుగవలసినవాడను నేను" అనెను. "మొదటి యేటి సొమ్ము భద్రముగనే యున్నది. రెండవ యేటి కాపులో సగము అమ్మాయి పెండ్లి అప్పునకు కట్టివేసితిని."

తమ్ముడు చాలసేపు నీటివంక చూచుచుండెను. "అడిగియుండిన నేనే ఇచ్చియుందును గదన్నా."

"ఇచ్చియుందువు. అందుకే అడుగుటకు సిగ్గైనది. సిగ్గును దాచుకొనుటకు నవ్వితిని."

తమ్ముని కంఠము తగ్గినది. "నేనును ఒకటి చెప్పవలెను. నిన్ను దొంగయని నలుగురిలో అంటిని. నీకు తెలియదనుకొంటిని."

"తెలియును" అనెను అన్న.

తల్లి ఇబ్బందిపడి పెద్దాయనవంక చూచెను. ఆయన చెవి దగ్గర చేయి పెట్టుకొని, "ఏందమ్మా, నన్నేమన్నా అడిగినారా? నాకు ఉన్నట్టుండి చెవుడొచ్చింది. ఈ ఊరి గుణం అట్లాంటిది" అనెను. ఆమె ఆనాటి కప్పుడు మొదటిసారి నవ్వెను.

అన్నదమ్ములిరువురును మునిగి సన్నిధికి పోయిరి. చేయవచ్చిన ప్రమాణము వేరు, చేసిన ప్రమాణము వేరు. తాను వాడుకొన్నది రాబోవు కాపులో తీర్చెదనని అన్న మాట యిచ్చెను. అన్నతో చెప్పవలసిన మాట అన్నతోనే చెప్పెదనని తమ్ముడు మాట యిచ్చెను. స్వామి మూర్తి దినదినప్రవర్ధమానమనియు, పూర్వము సమర్పించిన వెండికవచము ఇప్పుడు పట్టదనియు అచ్చట భక్తులు చెప్పుదురు. వెలుపలికి వచ్చునపుడు మనుమడు ఆ మాటయే అడుగగా పెద్దాయన, "సామి ఎంత పెరిగినాడో చూసేదానికి శానామంది వస్తారు. తామెంత తగ్గాలో చూసుకొని పోయేవాళ్ళు తక్కువ. ఈ పొద్దు ఇద్దరిని చూసినా" అనెను.

తుదకు వరదరాజస్వామి సన్నిధి. ఇద్దరు కొడుకులును చెరియొక ప్రక్కన నిలువగా తల్లి శఠారి స్వీకరించెను. గుడి వాకిట పెద్దాయన సెలవు తీసికొనుచు, "దూరం ఎంతని అడిగినావే అబ్బోడా, లెక్కపెట్టినావా? ఆరడుగులే" అనెను.

ఈ దృష్టాంతమున నవ్వు రెండు విధములుగ కానవచ్చును. అన్న నవ్వు తలుపు మూయునది. అడిగినవాని నోరు కట్టివేయునది. పెద్దాయన నవ్వు తలుపు తీయునది. విన్నవాడు తనంతట తానే లోనికి చూచుకొనునట్లు చేయునది. మొదటిదాని వెనుక భయము కలదు. రెండవదాని వెనుక ప్రేమ కలదు.

పరిహాసములో పలికిన అసత్యమునకు దోషము లేదను మాట శాస్త్రములలో లేకపోలేదు. శ్రీమద్భాగవతము అష్టమస్కంధమున శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి ఈ మినహాయింపులనే చెప్పెను. పరిహాసమున, వివాహకార్యమున, ప్రాణసంకటమున అసత్యము నింద్యము కాదని బోధించి, వామనునకు ఇచ్చిన మాటను త్రిప్పుకొమ్మనెను. వెసులుబాటు చూపినవాడు సాక్షాత్తు గురువు. బలి దానిని కైకొనలేదు; అసత్యమును మించిన అధర్మము లేదని నమ్మి, ఇచ్చిన మాటకు తల యొగ్గెను. లోకములన్నియు పోయినవి. కాని మూడడుగుల నేల కోరి వచ్చిన శ్రీహరియే సుతలమున ఆతని వాకిట కావలి నిలిచెను. మినహాయింపును వాడుకొన్నవానికి ఐశ్వర్యము మిగిలెడిదేమో గాని, వాకిట భగవంతుడు మిగిలియుండెడివాడు కాడు.

కావున యాత్రకు పోవు కుటుంబములు నవ్వుచునే పోవలెను. పిల్లలకు నవ్వు లేని యాత్ర శిక్షవలె తోచును. వృద్ధులకు నవ్వు లేని నడక బరువగును. అయితే ఇంటిలో ఎవరైనను ఒక ప్రశ్నను రెండుమారులు అడిగినచో దానికి నవ్వును బదులుగా ఈయరాదు. లెక్క అడిగినవానికి లెక్కయే చెప్పవలెను. కోనేటి మెట్లవరకు ఆ మాటను మోసికొనిపోనవసరము లేదు; ఇంటి తులసికోట యెదుట చెప్పినను చాలును. అన్నదమ్ముల నడుమ సత్యము నిలిచిన యింట వరసిద్ధి వినాయకుడు విఘ్నములను తొలగించును. వరదుడైన శ్రీనివాసుడు అడుగక మునుపే వరముల నిచ్చును.