ఇంటిల్లిపాదీ అడిగే మోక్షం

దోర్నాల దారిలో శ్రీశైలం వెళ్లేవాళ్లు గుడి ఇంకా కొన్ని మైళ్లుందనగానే శిఖరేశ్వరం దగ్గర బండి ఆపుతారు. సముద్రమట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తున్న చోటది. మెట్లెక్కి పైకి వెళ్తే చిన్న నంది ఉంటుంది. నువ్వులు వేసి, నందిని అటూ ఇటూ తిప్పి, కొమ్ముల సందులోంచి దూరాన మల్లన్న గుడి శిఖరాన్ని వెతకాలి. కనబడితే మరు జన్మ లేదని నమ్మకం. వేసవి సెలవుల్లో ఒక్కో వ్యానులోంచి పదిహేను ఇరవై మంది దిగుతారు. ముందు తాతయ్య చూస్తాడు. నాయనమ్మకు చూపు ఆనకపోతే కోడలు వెనక నిలబడి ఆమె తల సరిచేస్తుంది. కొడుకు తన పిల్లాణ్ని భుజానికెత్తుకుని, "అదుగో, ఆ చెట్ల పైన... కనబడిందా నాన్నా?" అని అడుగుతాడు. వాడు కనబడిందంటాడు.

గంట గడిచేసరికి ఆ కుటుంబమే గుళ్లో వరుసలో ఉంటుంది. అక్కడ కోరికలు వేరు. పెద్దవాడికి సంబంధం కుదరాలి. చిన్నదానికి సీటు రావాలి. కోడలి కడుపు పండాలి. మళ్లీ పుట్టుక వద్దని నంది దగ్గర అడిగినవాళ్లే, ఇంట్లో ఒక పుట్టుక కావాలని అమ్మవారికి మొక్కుతారు. ఈ రెండింటిలో ఏది అసలు కోరిక? సామాన్యుడికి మోక్షమంటే ఏమిటో తెలియదనీ, అలవాటుకొద్దీ అడుగుతాడనీ కొందరు చదువుకున్నవాళ్లు తేల్చేస్తారు. అంత సులువుగా తేల్చెయ్యదగ్గ ప్రశ్న కాదిది.

మన తత్త్వశాస్త్రం కొండనీ అడవినీ ఇల్లు విడిచినవాడి కోసం అట్టేపెట్టింది. సంసారం ఒక కొలిక్కి వచ్చాకనే వానప్రస్థం. భగవద్గీత పదమూడో అధ్యాయం జ్ఞానికి ఉండాల్సిన లక్షణాలు చెబుతూ, ఆలుబిడ్డల మీద, ఇంటి మీద తగులం లేకపోవడాన్ని వాటిలో చేర్చింది. శ్రీశైలం చరిత్రలోనూ విరాగులకు కొదవ లేదు. ఎనిమిదో శతాబ్దపు భవభూతి తన 'మాలతీమాధవం' నాటకంలో శ్రీపర్వతాన్ని, అంటే ఈ కొండనే, కాపాలికుల తావుగా చూపించాడు. ఆ తర్వాత కాళాముఖులు వచ్చారు, వీరశైవ జంగములు వచ్చారు. ఇందరు సర్వం వదిలి చేరిన కొండకు చంటిపిల్లలతో, వంటసామానుతో, మందుల సంచులతో ఇంటిల్లిపాదీ ఎందుకు వస్తున్నట్టు?

జవాబు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. శివపురాణం చెప్పే మల్లికార్జున క్షేత్ర కథే ఒక ఇంటి గొడవ. వినాయకుడూ కుమారస్వామీ పెళ్లి తనకు ముందంటే తనకు ముందని పోటీపడ్డారు. భూమిని ముందు చుట్టి వచ్చినవాడికే ముందు పెళ్లి అన్నారు తల్లిదండ్రులు. చిన్నవాడు నెమలెక్కి బయల్దేరాడు. పెద్దవాడు అమ్మానాన్నల చుట్టూ తిరిగి, భూమిని చుట్టినట్టే అన్నాడు. అతనికి సిద్ధి, బుద్ధులతో పెళ్లయిపోయింది. తిరిగొచ్చిన కుమారస్వామి అలిగి క్రౌంచ పర్వతానికి వెళ్లిపోయాడు. ఎందరు బతిమాలినా రాలేదు. ఆఖరికి శివపార్వతులే కదిలి వచ్చారు. వాళ్లు వస్తున్నారని తెలిసి పిల్లవాడు ఇంకో మూడు యోజనాలు దూరం జరిగాడు. తల్లిదండ్రులు మాత్రం వెనక్కి పోలేదు. అక్కడే ఉండిపోయారు. అమావాస్యకు తండ్రి, పౌర్ణమికి తల్లి కొడుకును చూడటానికి వెళ్తారని పురాణం.

ఈ కథలో ఎవరూ తపస్సు కోసం కొండకు రాలేదు. అలిగిన కొడుక్కి దగ్గర్లో ఉందామని వచ్చారు. జ్యోతిర్లింగం వెలిసిన కారణం అదే. కొండ మీది దేవుడే సంసారి అయినప్పుడు, సంసారులు ఆయన దగ్గరికి సంసారంతో రావడంలో తప్పేముంది?

పైగా వచ్చేవాళ్లు చుట్టరికం కలుపుకునే వస్తారు. నల్లమల చెంచులకు ఆయన చెంచు మల్లయ్య, తమ పిల్లను చేసుకున్న అల్లుడు. ఉగాదికి కర్ణాటక నుంచి లక్షల మంది నడిచి వచ్చేది కూడా ఆ లెక్కనే. అమ్మవారు భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడపడుచు. పండగ పూట ఆడపిల్ల ఇంటికి ఉత్తచేతులతో ఎవరు వెళ్తారు? చీర, రవిక, గాజులు, పసుపు కుంకుమలు మూటగట్టుకుని వస్తారు. ఆత్మకూరు వైపు నుంచి అడవిలో పడి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా వచ్చే పాతదారి వాళ్లది. పద్నాలుగో శతాబ్దంలో కొండవీటి ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని శాసనాలు చెబుతాయి. భీముని కొలను దగ్గర లోయలోకి నిట్టనిలువుగా దిగి, అంత ఎత్తూ మళ్లీ ఎక్కితేగాని కైలాసద్వారం రాదు. ఎండాకాలపు రాతిమెట్ల మీద చెప్పుల్లేని కాళ్లు బొబ్బలెక్కుతాయి. చలువ పందిళ్ల కింద రాత్రి మజిలీలు. ఒకే దుప్పటి మీద నాలుగు తరాలు పడుకుంటాయి. పందిట్లో మజ్జిగ పోసేవాడికి ఎవరి ఊరేదో అక్కర్లేదు.

ఇదేమీ కొత్తగా పుట్టిన సందడి కాదు. పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో పర్వత ప్రకరణమని ఒక ప్రకరణమే పెట్టి, శివరాత్రికి శ్రీశైలం చేరే జనాన్నీ వాళ్ల ఆటపాటల్నీ తనివితీరా వర్ణించాడు. వీరశైవం గురించి అంత నిష్ఠగా రాసిన కవికి ఆ జాతర కోలాహలం భక్తికి అడ్డుగా కనబడలేదు. అదే భక్తి అనిపించింది.

ఇక్కడ రెండో పక్షాన్ని, ఇల్లు విడిచినవాళ్ల పక్షాన్ని, వినాలి. ఆ పక్షానికి కన్నడ వచన కవయిత్రి అక్క మహాదేవి కన్నా గట్టి సాక్షి లేదు.

పన్నెండో శతాబ్దంలో ఉడుతడి ఊళ్లో పుట్టిన ఆ పిల్లను కౌశికుడనే రాజు కోరాడు. పెళ్లయిందని కొందరు, కాలేదని కొందరు అంటారు. ఏమైనా ఆమె ఆ ఇంటినీ, ఒంటి మీది బట్టనూ వదిలేసి, జుట్టే కప్పుకుని కల్యాణ పట్టణానికి నడిచింది. అక్కడ వీరశైవ గురువు అల్లమ ప్రభువు ఆమెను సభలో నిలబెట్టి, నీ మొగుడెవరని అడిగాడు. ఆ సంవాదాన్ని 'శూన్యసంపాదనె' గ్రంథం కన్నడంలో భద్రపరిచింది. కల్యాణం నుంచి ఆమె శ్రీశైలం చేరి కదళీవనంలో లీనమైందని చెబుతారు. పాతాళగంగ నుంచి పడవలో కృష్ణ మీదుగా వెళ్తే ఇప్పటికీ అక్క మహాదేవి గుహ చూడొచ్చు. బయట పెద్ద రాతి తోరణం, లోపల పక్కకు తిరిగితేగాని పట్టని ఇరుకుసందు, చిట్టచివర చీకట్లో శివలింగం. ఒక మనిషికే దారి. కుటుంబానికి అక్కడ చోటు లేదు.

అయితే ఆమె వచనాల్లో ప్రతిదాని చివరా వచ్చే పేరు చెన్నమల్లికార్జునుడిది. ఆయన్ను ఆమె గురువని పిలిచి ఊరుకోలేదు, బ్రహ్మమని ఊరుకోలేదు. మొగుడంది. చావులేని, రూపులేని వరుణ్ని కట్టుకున్నానంది. లోకంలోని బంధాలన్నీ తెంచుకున్న మనిషి కూడా ఒక్క బంధాన్ని తెంచలేదు. తెంచిన వాటన్నిటి బరువునూ ఆ ఒక్కదాని మీదే మోపింది. వైరాగ్యానికి శిఖరమనదగ్గ మనిషికి దేవుడితో మాట్లాడటానికి చుట్టరికం తప్ప వేరే భాష దొరకలేదంటే, సారె మోసుకొచ్చే రైతు కుటుంబాన్ని ఆమె కన్నా ఒక మెట్టు కిందికి దించడం న్యాయం కాదు. ఇద్దరూ ఒకే ఇంటికి వచ్చారు, ఒకరు కోడలిగా, ఒకరు పుట్టింటివాళ్లుగా.

శివరాత్రి నాటి పాగాలంకరణ చూస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. చీరాల ప్రాంతపు దేవాంగ నేతకారుల ఇంట్లో స్వామికి పెళ్లి పాగా నేస్తారు. ఏడాది పొడవునా రోజుకో మూర చొప్పున మగ్గం మీద పెరిగే తెల్లటి గుడ్డ అది. లింగోద్భవ కాలానికి గుళ్లో దీపాలన్నీ ఆర్పేస్తారు. ఆ చీకట్లో నేతకారుడు దిగంబరుడై గర్భాలయ శిఖరమెక్కి, అక్కణ్నుంచి ముఖమండపం మీది నందుల దాకా పాగా చుడతాడు. అది పూర్తయ్యాకే దీపాలు వెలుగుతాయి, కల్యాణం మొదలవుతుంది.

అక్క మహాదేవి బట్ట విడిచి మళ్లీ కట్టలేదు. నేతకారుడు ఆ కాసేపే విడిచి, కిందికి దిగి బట్ట కట్టుకుని ఇంటికి పోతాడు. అక్కడ మగ్గం, భార్య, పిల్లలు, వచ్చే ఏటి పాగాకు మొదటి మూర. సంసారిలో సన్యాసం ఉండదనుకునేవాళ్లు ఈ మనిషిని ఏ కోవలో వేస్తారు? ఏడాదంతా రోజూ కొంచెం నేసిన గుడ్డను ఒక్క రాత్రి తనది కాదని అప్పగించి రావడం వైరాగ్యం కాకపోతే మరేమిటి?

సన్యాసుల వైపు నుంచి కూడా ఒక మాట ఉంది. శంకరాచార్యులు శ్రీశైలంలో ఉన్నారని, 'శివానందలహరి' ఇక్కడే పలికారని సంప్రదాయం. ఫాలధార పంచధార దగ్గర ఆయన తపస్సు చేసిన చోటు చూపిస్తారు. సన్యాసికి తల్లి లేదు, తండ్రి లేడు. అయినా ఆ తల్లి చివరి ఘడియల్లో ఆయన కాలడికి వెళ్లి, బంధువులు కాదన్నా తన చేతులతో దహనం చేశారని శంకర విజయాలు రాశాయి. అద్వైతానికి దానివల్ల వచ్చిన లోటేమీ లేదు. ఒక రాజు కథా ఇలాంటిదే. 1677లో గోల్కొండ నుంచి దక్షిణానికి వెళ్తూ శివాజీ ఇక్కడికొచ్చాడు. ఇక రాజ్యం వద్దు, ఇక్కడే ప్రాణం విడుస్తానని కూర్చుంటే వెంట వచ్చినవాళ్లు నచ్చజెప్పి తీసుకెళ్లారని మరాఠీలు చెప్పుకుంటారు. కొండ ఆయన్ను ఉండమంది, మనుషులు వెనక్కి పిలిచారు. ఆ పిలుపును ఎవరూ మాయ అనలేదు.

ఇంతమాత్రాన కుటుంబంతో కొండెక్కడం దానంతటదే పుణ్యకార్యమైపోదు. రెండు విషయాలు గట్టిగా అడగాలి. మొదటిది సత్రాల సంగతి. శ్రీశైలంలో ఏ వీధిలో నడిచినా కులానికొక సత్రం బోర్డు కనబడుతుంది. అన్నం పెట్టే చేతుల్ని తప్పుపట్టలేం. వేళకు వేడన్నం, శుభ్రమైన గది ఆ సత్రాలు చాలామందికి ఇస్తున్నాయి. కానీ ఒకప్పుడు ధూళి దర్శనమని, దారి దుమ్ము కాళ్లతో వచ్చిన ఎవరైనా, ఏ కులమైనా, లింగాన్ని తాకి తల ఆనించే ఆచారం ఉన్న క్షేత్రమిది. లింగం దగ్గర లేని గోడ విస్తరి దగ్గర ఎందుకు? కుటుంబం పెద్దదవ్వాలని వచ్చిన చోట అది కులం దగ్గరే ఆగిపోతే, వచ్చినవాళ్ల లెక్క రాసుకునే సాక్షి గణపతి పుస్తకంలో ఏమని రాయించుకున్నట్టు?

రెండోది పొయ్యి. చెట్టు కింద టార్పాలిన్ పరిచి, మూడు రాళ్లు పెట్టి, పాతికమందికి పప్పు, పులిహోర వండేది ఎవరు? మగవాళ్లు డ్యాము చూడటానికి, పిల్లలు రోప్‌వే ఎక్కడానికి వెళ్తే గిన్నెల దగ్గర మిగిలేది ఎవరు? ఇంట్లో తెల్లారుజామున లేచిన ఆమే కొండ మీదా తెల్లారుజామునే లేస్తే, ఆమెకు అది సెలవు కాదు, యాత్రా కాదు. పొయ్యి చోటు మారింది, అంతే. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒక అమ్మాయి ఇల్లు విడిచి ఈ కొండకే ఎందుకొచ్చిందో ఆ పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లకే బాగా తెలుస్తుంది. గీత వద్దన్న తగులం మనుషుల మీది ప్రేమ కాదు. నా వాళ్లు నాకు చాకిరీ చెయ్యాలన్న హక్కు, ఈ అన్నం నా వాళ్లకే అన్న హద్దు. ఈ రెండూ వదలడానికి కొండ మంచి చోటు. ఎందుకంటే ఇక్కడ ఎవరి ఇల్లూ లేదు, ఎవరి కుర్చీ లేదు. ఇంటిపెద్ద కూడా నేల మీదే కూర్చోవాలి.

శిఖరేశ్వరంలో తాతయ్య అడిగింది ఇప్పుడు వేరేగా వినబడుతుంది. తనకు మళ్లీ జన్మ వద్దంటున్నాడు. మనవణ్ని కూడా పైకెత్తి చూపించమంటున్నాడు. వాడు ఇంకా ఈ జన్మే మొదలుపెట్టలేదు. ఒక్కడే దాటిపోయే మోక్షం ఆ పెద్దాయనకు ఊహకు కూడా రాదు. మహాయాన బౌద్ధంలో బోధిసత్త్వుడు అందరూ దాటేదాకా తాను దాటనంటాడు. చదువు లేని ఒక గృహస్థు కనీసం తన వ్యాను నిండా మనుషులతోనైనా దాటాలంటున్నాడు. ఆ కోరికను అజ్ఞానమనడం తప్పు.

ఇప్పుడు చాలా కుటుంబాలు ఉదయం వచ్చి, స్పర్శ దర్శనం టికెట్టు వేళకు గుళ్లోకి వెళ్లి, మధ్యాహ్నానికి డ్యాము దగ్గర ఫొటోలు దిగి, చీకటి పడేలోగా కొండ దిగిపోతున్నాయి. అడవి దారిలోని మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 గంటలకు మూసి ఉదయం 6కు తెరుస్తారు. పెద్దపులులు తిరిగే అడవి కాబట్టి ఆ నియమం సరైనదే. ఈ వేసవిలో వెళ్లేవాళ్లు ఆ గేటు కోసం పరుగులు పెట్టొద్దు. ఒక రాత్రి ఉండండి. వంట మగవాళ్లు చెయ్యండి. పక్కన దిగిన కుటుంబాన్ని, వాళ్లెవరో అడక్కుండా, బంతిలోకి పిలవండి. తెచ్చిన ప్లాస్టిక్ సంచి, సీసా ప్రతి ఒక్కటీ తిరిగి తీసుకెళ్లండి.