ఎంపీ లెక్క రాయబోయే మనవరాలికి

తల్లీ,

చింతామణిలో నువ్వూ నీ స్నేహితులూ కలిసి మన ఎంపీల పనితీరు మీద ఒక పుస్తకం పెట్టబోతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎన్ని బిల్లులు పెట్టారు, ఎన్ని ప్రశ్నలు అడిగారు, సభకు ఎన్ని రోజులు వెళ్లారు, అన్నీ గడులు గీసి నింపుతారట. నాకు చెప్పలేనంత సంతోషమయింది. వేలి మీది సిరా చెరగకముందే ఓటు సంగతి మరిచిపోవడం మన ఊళ్లలో అలవాటైపోయింది. మీరు దాన్ని మార్చబోతున్నారు. ఈ పని మధ్యలో ఆగిపోకూడదు, దారి తప్పకూడదు అనే ఆశతో నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు 'మన ఎంపీ' ఎవరో తేల్చుకో. బాగేపల్లిలో ఉన్న నాకూ చింతామణిలో చదివే నీకూ జిల్లా ఒకటే. 2007లో కోలారు నుంచి విడిపోయిన చిక్కబళ్లాపురం జిల్లా. లోక్‌సభ హద్దులు మాత్రం వేరు. బాగేపల్లి, గౌరిబిదనూరు, చిక్కబళ్లాపురం అటు దేవనహళ్లి, హొసకోట, దొడ్డబళ్లాపురం, నెలమంగల, యలహంకలతో కలిసి చిక్కబళ్లాపురం నియోజకవర్గం. చింతామణి, శిడ్లఘట్ట కోలారు నియోజకవర్గంలో ఉన్నాయి. 2024లో ఇక్కడ డాక్టర్ కె. సుధాకర్ గెలిచారు, అక్కడ ఎం. మల్లేశ్ బాబు గెలిచారు. నీ ఓటు బాగేపల్లిలో, నువ్వు నీళ్లు తాగేది చింతామణిలో. కాబట్టి ఇద్దరికీ చెరొక పేజీ పెట్టు. ఒకరిని అడగాల్సింది ఇంకొకరిని అడిగితే ఇద్దరూ తప్పించుకుంటారు.

ఇక బిల్లుల గడి. అందులో సున్నా కనబడగానే 'ఏం చేశాడీయన' అని మీవాళ్లు కోపగించుకుంటారని నాకు తెలుసు. తొందరపడొద్దు. మంత్రి కాని ప్రతి సభ్యుడూ, పాలక పక్షంలో ఉన్నా సరే, సొంతంగా బిల్లు పెట్టవచ్చు. దాన్ని ప్రైవేటు మెంబర్ బిల్లు అంటారు. సమావేశాలు జరిగేటప్పుడు శుక్రవారం చివర రెండున్నర గంటలు మాత్రమే వాటికి వేళ. అదీ ఒక వారం బిల్లులకు పోతే ఇంకో వారం తీర్మానాలకు పోతుంది. స్వాతంత్ర్యం వచ్చాక ఇప్పటివరకు చట్టాలైన ప్రైవేటు బిల్లులు పద్నాలుగంటే పద్నాలుగే. చివరిది 1970 ఆగస్టులో చట్టమయింది. ఆనంద్ నారాయణ్ ముల్లా అనే సభ్యుడు తెచ్చినది. కింది కోర్టు నిర్దోషి అని వదిలేసిన మనిషికి హైకోర్టు యావజ్జీవమో పదేళ్లకు తక్కువ కాని శిక్షో వేస్తే, సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకునే హక్కును పెంచిన చట్టం అది. ఆ తర్వాత ఒక్కటీ దాటలేదు.

అలాగని ఆ బిల్లులు దండగ అనుకోకు. రాజ్యసభ సభ్యుడు తిరుచ్చి శివ ట్రాన్స్‌జెండర్ల హక్కుల కోసం 2014లో పెట్టిన బిల్లును 2015 ఏప్రిల్‌లో రాజ్యసభ ఆమోదించింది. అది లోక్‌సభ దాటలేదు గాని, ప్రభుత్వం తన బిల్లు తాను తెచ్చుకోక తప్పలేదు. 2019లో చట్టం వచ్చింది. శివ కోరినంత అందులో లేదు, అయినా కదలిక వచ్చింది ఆయన వల్లే. కనుక ఎన్ని అని లెక్కపెట్టడం కాదు, ఏ విషయం మీద అని చూడు. ఆ విషయం మన మట్టికి సంబంధించిందా? దాని మీద సభలో నోరు విప్పాడా? పేరు మారిస్తే ఎవరైనా పెట్టగలిగిన బిల్లులు ఇరవై ఉన్నా నేను మార్కులు వేయను.

మన నియోజకవర్గం నుంచే ఒక ఉదాహరణ చెబుతాను, శ్రద్ధగా విను. 2009లో, 2014లో ఇక్కడ గెలిచిన వీరప్ప మొయిలీగారి పేజీ రాయాలనుకో. మొదటి ఐదేళ్లలో ప్రశ్నల గడి ఖాళీగా ఉంటుంది. హాజరు గడి కూడా ఖాళీయే. ఆయన సభకు పోలేదని కాదు. అప్పుడు మంత్రి. మంత్రులు ప్రశ్నలకు జవాబు చెప్పే వరసలో ఉంటారు గాని అడిగే వరసలో ఉండరు, హాజరు పుస్తకంలో సంతకం చేయరు. ప్రైవేటు బిల్లూ పెట్టరు. అయితే ప్రభుత్వం తరఫున ఆయన చేతుల మీదుగా వచ్చిన బిల్లులున్నాయి. న్యాయశాఖ మంత్రిగా 2010 డిసెంబరులో జడ్జీల జవాబుదారీతనం మీద ఒక బిల్లు ప్రవేశపెట్టారు. 2012 మార్చిలో లోక్‌సభ దాన్ని ఆమోదించింది. అప్పటికి ఆయన ఆ శాఖలో లేరు. రాజ్యసభలో అది కదలలేదు, 2014లో లోక్‌సభ రద్దవడంతో మురిగిపోయింది. కార్పొరేట్ వ్యవహారాల మంత్రిగా 2011 డిసెంబరులో పెట్టిన కంపెనీల బిల్లు మాత్రం 2013 చట్టంగా నిలబడింది. ఒకే మనిషి తెచ్చిన రెండు బిల్లులు. ఒకటి దేశంలో ప్రతి కంపెనీనీ నడిపిస్తోంది, ఇంకొకటి కాగితంగానే పోయింది. గడిలో రెండూ ఒకటి, ఒకటి అనే పడతాయి.

రెండో ఐదేళ్లు ఆయన ప్రతిపక్షంలో కూర్చున్నారు. ఆర్థిక శాఖ స్థాయీ సంఘానికి అధ్యక్షుడు. పెద్దనోట్ల రద్దు తర్వాత 2017 జనవరిలో రిజర్వు బ్యాంకు గవర్నరు ఊర్జిత్ పటేల్ వచ్చి జవాబు చెప్పుకున్నది ఆ సంఘం ముందే. ఈ సంఘాలు తలుపులు మూసుకుని కూర్చుంటాయి, టీవీలో రావు. నివేదికలు మాత్రం బయటికొస్తాయి. కాబట్టి 'ఏ సంఘంలో ఉన్నాడు, ఆ సంఘం ఏం నివేదిక ఇచ్చింది' అని ఒక గడి తప్పకుండా పెట్టు. చాలామంది ఈ గడి పెట్టరు. నా మటుకు నాకు హాజరు శాతం కంటే ఇదే ముఖ్యం.

ఏ బిల్లుకు ఎటు ఓటేశాడన్న గడి కూడా పెడతామంటారేమో. అందులో దొరికేది తక్కువ. ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతో గట్టెక్కుతాయి, ఎవరి పేరూ నమోదు కాదు. పైగా 1985 నాటి ఫిరాయింపుల చట్టం వచ్చాక పార్టీ విప్ జారీ చేస్తే ఆ గీత దాటినవాడికి పదవి పోయే ప్రమాదముంది.

సభ్యుడి సొంత తెలివి, సొంత పట్టుదల తెలిసేది ప్రశ్నల్లో. ఇక్కడే నువ్వు ఎక్కువ సమయం పెట్టాలి. లోక్‌సభలో పొద్దున పదకొండింటికి ప్రశ్నోత్తరాల సమయం. రోజుకు ఇరవై నక్షత్రం గుర్తు ప్రశ్నలకు మంత్రి లేచి నోటితో చెప్పాలి, అనుబంధ ప్రశ్నలూ ఎదుర్కోవాలి. ఇంకో 230 ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబులొస్తాయి. ఇవన్నీ పార్లమెంటు వెబ్‌సైట్లో సభ్యుడి పేరు మీద వెతికితే దొరుకుతాయి. ప్రశ్న ఒక్కటే చదివి వదిలేయకు తల్లీ, జవాబు చదువు. 'ఇది రాష్ట్ర జాబితాలోని విషయం' అని రాసి దులుపుకున్నారా, అంకెలిచ్చారా చూడు. 'సమాచారం సేకరించి సభ ముందుంచుతాం' అని ఉంటే దాన్ని ఎర్ర సిరాతో గుర్తు పెట్టు. అది హామీ కిందికి వస్తుంది, మూడు నెలల్లో తీర్చాలి. తీర్చకపోతే వెంటపడటానికి హామీల సంఘం ఒకటి పార్లమెంటులోనే ఉంది. మన ఎంపీ మళ్లీ అడిగాడా? ఈ 'మళ్లీ' దగ్గరే మనిషి తేలిపోతాడు.

నీకు తెలిసిన విషయంతోనే చూపిస్తాను. మన బాగేపల్లి తాలూకాలో బోరునీళ్ల ఫ్లోరైడు ఏం చేసిందో నువ్వు చిన్నప్పటి నుంచి చూస్తున్నావు. పళ్ల మీద తోమినా పోని గోధుమ రంగు గారలు, నడివయసుకే మోకాళ్లు బిగుసుకుపోయి గడప దాటడానికి ద్వారబంధం పట్టుకునే మనుషులు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని కొలత ఉంది. 2019 ఆగస్టు 15న జలజీవన్ మిషన్ అన్నారు. అందులో మన రాష్ట్రం సగం, కేంద్రం సగం పెట్టుకోవాలి. ఇంటింటికీ నీలం పైపు వచ్చింది, కుళాయి బిగించారు. 'మన జిల్లాలో ఎన్ని ఇళ్లకు కుళాయిలిచ్చారు' అని అడిగితే మంత్రి పెద్ద అంకె చెబుతాడు, అందరూ చప్పట్లు కొడతారు. ఆ కుళాయిలోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? పాత బోరు నుంచే పైపు వేస్తే ఫ్లోరైడు ఇంట్లోకే వచ్చినట్టు కదా! కాబట్టి ప్రశ్న ఇలా ఉండాలి: చిక్కబళ్లాపురం జిల్లాలో 1.5 దాటిన ఊళ్లెన్ని, వాటి పేర్లేమిటి. వాటిలో కుళాయి ఇచ్చిన ఊళ్లెన్ని. ఆ కుళాయిలకు ఆధారం భూగర్భ జలమా, పైనుంచి తెచ్చిన నీళ్లా. కుళాయి దగ్గర నీళ్లు ఎప్పుడు పరీక్షించారు, ఫలితమెంత. ఈ నాలుగు ముక్కలకూ జవాబు రాబట్టిన ఎంపీ పేజీలో ఇంకేమీ లేకపోయినా నేను దండం పెడతాను.

నీరు రాష్ట్రం సంగతి కదా, ఎంపీకేం పని అంటారు. నిజమే, మన సీమకు నీళ్లు తెచ్చే ఎత్తినహొళె రాష్ట్ర ప్రభుత్వ పథకం. 2014లో మన చిక్కబళ్లాపురంలోనే శంకుస్థాపన చేశారు. అప్పుడు 12,912 కోట్లన్న అంచనా తర్వాత 23,251 కోట్లకు పెరిగింది. 2016 మార్చిలో కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల రైతులు ట్రాక్టర్లు కట్టుకుని బెంగళూరు మీదికి కదిలి దెబ్బలు తిన్నది నీళ్ల కోసమే. 2024 సెప్టెంబరులో సకలేశపుర దగ్గర మొదటి దశ ప్రారంభించారు. అయితే కాలువ పోయే అడవి భూమికి అనుమతి ఇవ్వాల్సింది కేంద్రం. భూగర్భ జలాన్ని కొలిచి, ఉన్నదానికంటే ఎక్కువ తోడేస్తున్న తాలూకాలివి అని చెప్పేది కేంద్ర సంస్థ. చిత్రావతి మన దగ్గర నుంచి ఆంధ్రకు పోతుంది కాబట్టి రెండు రాష్ట్రాల తగవులోనూ కేంద్రానికి చోటుంది. ఎంపీ చేయగలిగిన పని చాలానే ఉంది. రైలు సంగతీ అంతే. చింతామణి మీదుగా బ్రాడ్‌గేజ్ 2013లో వచ్చింది, బాగేపల్లికి ఇప్పటికీ స్టేషను లేదు.

ఎంపీ నిధుల గురించి ఎక్కువ రాయను. 1993లో మొదలైంది, ఇప్పుడు ఏడాదికి 5 కోట్లు. ఎంపీ సిఫారసు చేస్తాడు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. బస్టాపు మీద రాసిన పేరు చూసి మురిసిపోకు, అది మన డబ్బే. ఏ పనికి ఎంత, పూర్తయిందా లేదా అన్న వివరం ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టు. మొయిలీగారి అధ్యక్షతన పరిపాలనా సంస్కరణల కమిషన్ 2006లో ఇచ్చిన మొదటి నివేదిక ఆ హక్కు మీదే కావడం మనవాళ్లు గుర్తుపెట్టుకోదగిన సంగతి.

నీకు గట్టిగా చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. మీ గుంపులో తలా ఒక పార్టీ అభిమానం ఉంటుంది. 'మనవాడు' అన్న మాట మన సీమలో పార్టీ కంటే బలమైనది, కులం వరకూ పోతుంది. సున్నాకు ఒకరి విషయంలో సాకు వెతికి, ఇంకొకరి విషయంలో తిట్టు వెతికితే ఆ రోజుతో మీ పుస్తకం చచ్చిపోతుంది. నచ్చినవాడి పేజీ నచ్చనివాళ్ల చేత, నచ్చనివాడి పేజీ నచ్చినవాళ్ల చేత రాయించు. ఊళ్లో అందరూ చూసేలా గోడకు అంటించే ముందు ప్రతి పేజీనీ ఆ ఎంపీ ఆఫీసుకు పంపు, వాళ్లేమైనా చెబితే అదీ కింద రాయి. ఎన్నికల అఫిడవిట్లో కేసులుంటే కేసు అని రాయి, నేరం అని రాయకు. తీర్పు వచ్చేదాకా రెండూ ఒకటి కావు.

గడుల్లో పట్టని మనుషులూ ఉంటారు. 1977లో చిక్కబళ్లాపురం నియోజకవర్గానికి మొదటి ఎంపీ అయిన ఎం.వి. కృష్ణప్పగారిని కోలారు సీమలో ఈనాటికీ పాడి పేరు మీద తలుచుకుంటారు. పొద్దున్నే డెయిరీ ముందు క్యాన్లతో నిలబడే ఆడవాళ్ల బతుకులో ఆయన పని ఉంది. ప్రశ్నల పట్టికలో అది కనిపించదు. అందుకే ప్రతి పేజీ చివర నాలుగు వరుసలు ఖాళీ వదులు, ఊళ్లో పెద్దవాళ్లను అడిగి రాయి.

అడగడానికి భయపడకు. గౌరిబిదనూరు తాలూకా హోసూరులో పుట్టి బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరైన హెచ్. నరసింహయ్యగారు జన్మంతా చెప్పింది ప్రశ్నించకుండా దేన్నీ ఒప్పుకోవద్దనే. ఆ మట్టి మీదే నువ్వూ పుట్టావు. అడిగేటప్పుడు మర్యాద మాత్రం తప్పకు. 'ఎంపీగారూ' అని మొదలుపెట్టి, విషయంలో ఒక్క అంగుళం తగ్గకు.

పార్లమెంటు జవాబులు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి. గోడ మీద కన్నడంలో పెట్టండి, అందరూ చదువుతారు. నెలకోసారి మాత్రం రచ్చకట్ట దగ్గర కూర్చుని మన తెలుగులో చదివి వినిపించండి. మీ అవ్వలాంటివాళ్లకు చదువు రాదు గాని, తాగే నీళ్ల సంగతి ఏ మంత్రికన్నా బాగా తెలుసు. వాళ్లు అడిగే ప్రశ్న రాసుకుని ఎంపీగారికి పంపండి.

వర్షాకాల సమావేశాలు మామూలుగా జులైలో మొదలవుతాయి. సభ్యుడు ప్రశ్నకు పదిహేను రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. కాబట్టి ఫ్లోరైడు ప్రశ్న జూన్ మొదట్లోనే రాసి ఇద్దరు ఎంపీలకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపించు. రసీదు పుస్తకంలో అంటించు.

మీ తాత