బహుమానం ఎవరి సొమ్ము?

బ్యాంకు తనంతట తాను ఇచ్చే డబ్బు పుచ్చుకోవటంలో నీతి, అవినీతి అనే ప్రసక్తి ఉన్నదా? ఈ ప్రశ్న అడిగితే చాలామంది నవ్వుతారు. ఇచ్చేవాడికి లేని బాధ నీకెందుకంటారు. కాని డబ్బు ఎవరి చేతినుంచి వచ్చిందో చూసినంత మాత్రాన, అది ఎవరి జేబులోనుంచి వచ్చిందో తెలియదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించటంలోనే చిక్కంతా ఉన్నది.

ముందు సంగతేమిటో చెప్పాలి. అమెరికాలో కొత్త ఖాతా తెరిచి తమ జీతం అందులో జమ అయ్యే ఏర్పాటు చేసుకున్నవారికి బ్యాంకులు రెండు మూడు వందల డాలర్లు బహుమానంగా ఇస్తాయి. కొత్త క్రెడిట్ కార్డు పుచ్చుకుని మూడు నెలల్లో ఇంత అని ఖర్చు చేస్తే, విమాన టిక్కెట్టుకు సరిపోయే పాయింట్లు ఇస్తాయి. దీన్నొక వ్యాసంగంగా పెట్టుకున్నవారున్నారు. గడువులన్నీ పట్టిక వేసుకుని, ఒక బ్యాంకును వదిలి ఇంకొక బ్యాంకును పట్టుకుంటూ, బాకీ మాత్రం నెలనెలా పూర్తిగా తీర్చేస్తారు. అక్కడ ఉద్యోగాలు చేసే మన తెలుగు యువకుల్లోనూ ఈ విద్య పట్టుబడినవారు ఉన్నారు. నా దగ్గర చదువుకున్న ఒకతను సెలవులో వచ్చినప్పుడు నాకీ విద్యను ఓపికగా బోధించి, "మేం బ్యాంకును దోచుకుంటున్నాం మాస్టారూ," అన్నాడు.

ఆ మాటలో గర్వమే కాక ఒకరకమైన న్యాయబుద్ధి కూడా ఉన్నది. లోకాన్ని దోచే బ్యాంకును తాను దోచుకుంటే తప్పేమిటని అతని భావం. అదే నిజమైతే నాకూ సంతోషమే. కాని ఊరిమీద ఊరు పడ్డా కరణంమీద కాసు పడదని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఈ విద్యకు పరాకాష్ఠ అనదగిన ఉదంతం ఒకటి ఉన్నది. డాలరు నాణేలను వాడుకలోకి తేవాలని అమెరికా ప్రభుత్వ టంకశాల 2008లో వాటిని అసలు విలువకే, రవాణా ఖర్చు లేకుండా ఇళ్ళకు పంపటం మొదలుపెట్టింది. కొందరు కార్డుమీద వేలకొద్దీ నాణేలు తెప్పించి, తిన్నగా బ్యాంకులో జమచేసి, ఆ డబ్బుతోనే కార్డు బాకీ తీర్చేశారు. పాయింట్లు మిగిలాయి. 2011లో టంకశాల ఈ పద్ధతిలో కార్డులు పుచ్చుకోవటం మానేసింది. ఇంతా చేసి నాణేల పెట్టెలు అటూ ఇటూ తిరిగాయేగాని, ఎవరికీ పనికివచ్చే వస్తువు ఒక్కటీ తయారు కాలేదు. అయినా విమానంలో సీటు నిజంగానే దొరికింది. దాన్ని నడిపినవాడి శ్రమా నిజమే, కాలిన ఇంధనమూ నిజమే. వాటి ఖరీదు ఎవరో ఒకరు ఇచ్చుకోవాలి గదా?

ఇచ్చుకునేవారిలో మొదటివాడు నగదు ఇచ్చి కొనుక్కునేవాడు. అమెరికాలో కార్డుమీద జరిగే అమ్మకానికి దుకాణదారు సుమారు రెండు శాతం రుసుము కట్టుకుంటాడు. దాన్ని సరుకు ధరలో కలుపుతాడు. ఆ ధర నోట్లిచ్చి కొనే కూలివాడికీ వర్తిస్తుంది. నగదు వాడే కుటుంబం ఏటా సగటున 149 డాలర్లు ఈ విధంగా సమర్పించుకుంటున్నదనీ, కార్డు వాడే కుటుంబానికి 1,133 డాలర్లు అందుతున్నాయనీ బోస్టన్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు పరిశోధకులు 2010లో అంచనా కట్టారు. రెండవవాడు నెలాఖరుకు మొత్తం తీర్చలేక వడ్డీ కట్టేవాడు. కార్డు బహుమానాల మూలంగా ఏటా 1,500 కోట్ల డాలర్లు తక్కువ ఆదాయం, తక్కువ చదువు గల ప్రాంతాలనుంచి అవి ఎక్కువగా ఉన్న ప్రాంతాలకు తరలుతున్నాయని ఫెడరల్ రిజర్వు 2023లో వెలువరించిన ఒక పరిశోధన పత్రం చెప్పింది. మూడవవాడు ఖాతాలో నిలవ చాలనివాడు. అటువంటివాడినుంచి బ్యాంకులు చాలాకాలం ఒక్కొక్క చెల్లింపుకు 35 డాలర్లదాకా జరిమానా గుంజాయి. ఈమధ్య కొన్ని తగ్గించుకున్నాయి. బ్యాంకు బహుమానమంటే అత్తసొమ్ము అల్లుడు దానం చెయ్యటమే.

'కన్యాశుల్కం' పాఠం చెప్పేటప్పుడు గిరీశం చమత్కారాలకు తరగతి అంతా నవ్వుతుంది. నవ్వవలసిందే. కాని అతను మధురవాణి ఇంట ఖర్చుపెట్టింది పూటకూళ్ళమ్మ డబ్బు. గురజాడ ఆ సంగతి దాచలేదు. చీపురుకట్టతోసహా ఆమెను రంగంమీదికి రప్పించాడు. ఈ కార్డుల వ్యవహారంలో పూటకూళ్ళమ్మ రంగంమీదికి రాదు. వచ్చినా, చీపురు ఎవరిమీద ఎత్తాలో ఆమెకు తెలియదు.

"నేను మానేస్తే ఆ డబ్బు పేదవాడికి చేరుతుందా?" అని అడగవచ్చు. చేరదు. బ్యాంకుకే మిగులుతుంది. మనం ఏకాదశి ఉపవాసం ఉన్నందువల్ల ఊళ్ళో ఆకలి తీరదు. కనక పుచ్చుకోవటమే పాపమని నేననను.

అసలు ప్రమాదం ఆ తరవాతి వాదనలో ఉన్నది: "వాడెందుకు బాకీ పడాలి? క్రమశిక్షణ ఉంటే వాడూ నాలాగే లాభపడేవాడు గదా!" ఈ క్రమశిక్షణ ఎక్కడినుంచి వస్తున్నది? మా కాలేజీలో పర్మనెంటు లెక్చరర్లకు ఒకటో తారీఖుకు జీతం పడుతుంది. పక్క బల్ల దగ్గర అదే పాఠం చెప్పే గెస్టు లెక్చరరుకు గంటల లెక్కన రావలసినది నెలల తరబడి రాదు. మనదేశంలోనూ కార్డులకు స్వాగత బహుమానాలున్నాయి. బాకీ నిలిచిపోతే నెలకు మూడున్నర శాతంవరకు వడ్డీ మామూలే. ఇంట్లో ఎవరికైనా జబ్బుచేస్తే మొదటివాడికి పాయింట్లు వస్తాయి, రెండవవాడికి వడ్డీ వస్తుంది. ఇద్దరి గుణాల్లోనూ తేడా లేదు, జీతాల్లో ఉన్నది. స్థిరమైన జీతాన్ని సద్గుణంగా పొరబడటం మధ్యతరగతికి పాత అలవాటు. తమాషా ఏమిటంటే, నెలనెలా పూర్తిగా బాకీ తీర్చేవాణ్ణి అమెరికా కార్డు వ్యాపారులు తమ పరిభాషలో 'డెడ్‌బీట్' అంటారు. అంటే బాకీ ఎగవేసేవాడని అర్థం. వాళ్ళ దృష్టిలో ఉత్తమ ఖాతాదారు ఎవరో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ ఏర్పాటు ప్రకృతిసిద్ధం కాదు. ఆస్ట్రేలియా 2003లో, యూరోపియన్ యూనియన్ 2015లో కార్డు లావాదేవీలపై బ్యాంకులు పుచ్చుకునే రుసుముకు పరిమితి పెట్టాయి. బహుమానాలు తగ్గాయి, లోకం మునిగిపోలేదు. అమెరికాలో 2022లో ఆ రుసుమును పోటీద్వారా తగ్గించే బిల్లు ప్రవేశపెట్టినప్పుడు బ్యాంకులవారు ప్రజలతో చెప్పిన మాట, "మీ పాయింట్లు పోతాయి" అని. మనదేశంలో 30 శాతానికి మించిన కార్డు వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. స్వాగత బహుమానాలు పుచ్చుకునే మనలో ఎందరికి ఆ వార్త పట్టింది?

బ్యాంకు మనకు బహుమానం ఇచ్చి కొంటున్నది ఈ నిర్లక్ష్యాన్నే. డబ్బు పుచ్చుకున్నామా, మానామా అన్నది చిన్న విషయం. రుసుమూ వడ్డీ తగ్గాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మనం పాయింట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటామా, గెస్టు లెక్చరరు పక్కన నిలబడతామా అన్నదే నీతి ప్రశ్న. నా విద్యార్థికి నేను చెప్పగలిగింది ఇంతే: టిక్కెట్టు కొనుక్కో నాయనా, కాని దాన్ని సంపాదన అనకు.