ఉతికిన ధూళి

పోయిన వేసవిలో అన్నయ్య నాన్న జీపు ఇంజన్ దించాడు. విజయవాడ ఆటోనగర్‌లో నాన్న ముప్ఫై ఏళ్లు నడిపిన షెడ్డులోనే. ఆ జీపు ఆయన మిలిటరీ వేలంలో కొన్నది, రెండో ప్రపంచయుద్ధం నాటి విల్లీస్. మనం జీపు అంటాం గానీ అమెరికా సైన్యం కాగితాల్లో దాని పేరు పావు టన్ను ట్రక్కు. యుద్ధకాలంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఇలాంటివి ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి.

నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు, 60 హార్స్‌పవర్. బ్లాకు బోరింగ్‌కి వెళ్లొచ్చింది. పిస్టన్లు, రింగులు కొత్తవి పడ్డాయి. ఇక మిగిలింది ఆయిల్ కారకుండా బిగించడం. వెనకనించి కారడం ఈ ఇంజన్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బు. క్రాంక్ షాఫ్ట్ వెనక కొసన, బ్లాకులో సగం, బేరింగ్ క్యాప్‌లో సగం గాడి ఉంటుంది. అందులో అల్లిన తాడు ముక్కని ఒత్తి, కొసలు కోసి, నూనె పట్టించి బిగిస్తారు. షాఫ్ట్ దాన్ని ఒరుసుకుంటూ తిరుగుతుంది. ఇప్పుడు దాని బదులు రబ్బరు సీళ్లు దొరుకుతున్నాయి. అన్నయ్యకి అవి వద్దు. నాన్న దాచిన డబ్బాలో పాత తాడూ, రాగిరేకుల మధ్య బూడిదరంగు పీచు పెట్టిన హెడ్ ప్యాకింగూ దొరికాయి. "ఒరిజినల్ ఒరిజినలే" అన్నాడు.

ఆ పీచు ఆస్బెస్టాస్. రాతినార. వేడికి కాలదు, ఒత్తిడికి నలిగి సందులన్నీ మూసేస్తుంది. అందుకే ఆ కాలపు ప్యాకింగుల్లో, క్లచ్ ప్లేట్లలో, బ్రేకుల్లో అదే వాడేవారు. పాత ప్యాకింగ్ అతుక్కుపోతే నాన్న రేకుముక్కతో గీకి నోటితో ఊదేవాడు. ఆ ధూళి ఆయన ఖాకీ చొక్కా మీదే పడేది. అమ్మ ఆ చొక్కాని పెరట్లో దులిపి, సర్ఫులో నానబెట్టి, బండమీద బాదేది. ఇంటిచాకిరీ మీద ఒక సిద్ధాంతగ్రంథం రాసి డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని నేను. జీతం లేని శ్రమ గురించి అధ్యాయాలు రాశాను. ఆ బట్టల మూటలో ఏముందని ఒక్కసారీ అనుకోలేదు.

1965లో లండన్‌లో మురియల్ న్యూహౌస్, హిల్డా థాంప్సన్ అనే ఇద్దరు స్త్రీలు ఒక అధ్యయనం ప్రచురించారు. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకి, పొట్టలోని పొరకి వచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సర్ గురించి. రోగులు ఏం పని చేశారో, ఎక్కడ బతికారో వాళ్లు విడివిడిగా ఆరా తీశారు. ఆస్బెస్టాస్ పనే చేయనివాళ్లలో తొమ్మిదిమంది ఆ కార్మికులతో ఒకే ఇంట్లో ఉన్నవాళ్లు. వాళ్లలో ఎక్కువగా వినిపించిన కథ ఒకటే: భర్త పనిబట్టలు ఉతికిన భార్య.

నాన్నకి ఇదంతా తెలియదు. తెలియకపోవడం తప్పు కాదంటాం. కానీ ఈ తెలియకపోవడం ఎవరికి దక్కింది? 1898లోనే బ్రిటన్ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ లూసీ డీన్ ఆ ధూళి హాని గురించి ప్రభుత్వ నివేదికలో రాసింది. 1931లో బ్రిటన్ ఆ ధూళిని అదుపు చేయడానికి నిబంధనలు తెచ్చింది. ఈ జీపు పుట్టింది ఆ తర్వాతే. తెలిసినవాళ్లు తెలిసే తయారుచేశారు. తెలియనితనం మాత్రం షెడ్డు దాకా, షెడ్డునించి మా పెరటి దాకా వచ్చింది. ఆ నిబంధనలు కూడా ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయాయి. బట్టలుతకడం పని కాదు కదా! మన శ్రమకి కూలి కట్టలేదని ఇన్నాళ్లూ వాదిస్తున్నాం. మన శ్రమలోని ప్రమాదాన్నీ ఎవరూ లెక్క కట్టలేదు.

అన్నయ్యకి ఇవన్నీ చెప్పాను. మొదట నవ్వాడు. "నాన్న అలాగే చేశాడుగా" అన్నాడు. వదిన నవ్వలేదు. "మరి ఇన్నాళ్లూ అత్తయ్యా నేనూ ఉతికినవో?" అంది. తర్వాత నెమ్మదిగా, "అత్తయ్యకి చెప్తావా?" అని అడిగింది.

నన్ను అసలు నిలవనీయనిది ఈ ప్రశ్నే. అమ్మకి డెబ్బై రెండేళ్లు, ఏ జబ్బూ లేదు. అయితే ఈ జబ్బు బయటపడడానికి ముప్ఫై, నలభై ఏళ్లు పట్టొచ్చు. వచ్చిందని కాదు, వస్తుందనీ కాదు. చేయగలిగింది ఏమీ లేనప్పుడు చెప్పడం నా మనసు తేలికపరుచుకోవడం కాదా? కానీ ఆమె ఏది తట్టుకోగలదో నేను తేల్చేస్తే, ఆమెని చిన్నపిల్లని చేసినట్టే. కార్మికులు కంగారుపడతారని నిజం దాచిన యజమానికీ నాకూ తేడా ఏమిటి? ఊపిరి ఆమెది. ఆ కబురూ ఆమెదే.

చెప్పాను. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది. కాసేపటికి అంది: "తెలిస్తే మాత్రం? ఎవరు ఉతికేవాళ్లు?"

అన్నయ్య చివరికి రబ్బరు సీలే వేశాడు. పాత ప్యాకింగ్‌ని ఊదకుండా, తడిపి గీకాడు. చొక్కా షెడ్డులోనే విప్పి వస్తున్నాడు. ఇంజన్ ఇప్పుడు చుక్క కూడా కారడం లేదు. ఆ చొక్కా ఉతికేదెవరన్నది మాత్రం ఇంకా తేలలేదు.