నడక తగ్గిన కుక్క, యజమాని ధర్మం

కావలికుక్కకు పరుగు తగ్గితే యజమాని బాధ్యత కూడా తగ్గుతుందా అన్నది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. మహాభారతంలో దీనికి రెండు చోట్ల జవాబుంది. ఆదిపర్వంలో తప్పు చేయని తన బిడ్డను తమ్ముళ్లు కొట్టినందుకు సరమ అనే తల్లికుక్క జనమేజయ మహారాజును నిలదీస్తుంది. మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానంటాడు. రెండు చోట్లా కుక్క వల్ల ఏం లాభమన్న లెక్క లేదు.

వదలకుండా ఉంచుకుంటే చాలదు, గమనించాలి. కుక్క మూలగనంత మాత్రాన నొప్పి లేదనుకోరాదు. లేవడానికి తడబడడం, పొద్దున బిగుసుకుపోయి కాసేపు నడిచాక సర్దుకోవడం, మెట్ల దగ్గర ఆగిపోవడం, తొడల కండ తగ్గడం కీళ్ల అరుగుదలకు గుర్తులు కావచ్చు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఇళ్లలోని నున్నటి కడప బండల మీద అలాంటి కుక్క కాళ్లు జారతాయి. అక్కడ గోనెపట్టా పరచాలి. ఒళ్లు పెరగనివ్వకుండా చల్లటి పూట కొద్దికొద్దిగా నడిపించాలి. మనుషుల నొప్పిమాత్రలు ప్రాణం తీయవచ్చు. వెనకకాళ్లు హఠాత్తుగా పడిపోతే వెంటనే పశువైద్యుడికి చూపించాలి; ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాలే ఉంది.

కుక్క బాధ దాని కర్మఫలమనే వాదం నిలవదు. ఆ లెక్కన మనిషికీ వైద్యం మానేయాలి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 3వ సెక్షన్ కూడా సంరక్షణను పెంచేవారి విధిగా చెప్పింది.

నయంకాని బాధలో మరణం ఇప్పించడంపై మాత్రం ఏకాభిప్రాయం లేదు. 1928లో సబర్మతి ఆశ్రమంలో కోలుకోలేని దూడకు గాంధీ మరణం ఇప్పించి, అదీ అహింసేనన్నారు, చాలామంది తప్పుపట్టారు. ఆ నిర్ణయానికి ప్రాణి బాధే కొలత కావాలి, పెంచేవారి విసుగు కాదు.