అలకనంద లోయలో నీటి తిరుగలి

జోషీమఠము దాటి బదరికాశ్రమమునకు పోవు పాత కాలిబాట అలకనందను ఒరసికొని కొండచరియల వెంట సాగెడిది. తిరుమంగై ఆళ్వారు కీర్తించిన దివ్యదేశమునకు మన పూర్వులు నడచిన త్రోవ యది. ఆ నదిలో కలియు సెలయేళ్లపై ‘ఘరాట్’ అను నీటి తిరుగళ్లు గలవు. మళ్లించిన నీరు కొయ్యదోనెలో జారి చక్రపు రెక్కలను కొట్టగా, మీది రాయి తిరిగి గోధుమలు పిండియగును.

గంగాజలముచేత ఊడిగము చేయించుకొనుట అపచారము కాదాయని కొందరు ఆస్తికుల శంక. కాదనియే నా తలంపు. తిరుగలి పుచ్చుకొన్న నీటిని నాలుగడుగుల దిగువనే ఏటికి అప్పగించుచున్నది.

2006లో ఆరంభమైన 400 మెగావాట్ల విష్ణుప్రయాగ విద్యుత్కేంద్రమును గూర్చియు ఇట్లే వాదింతురు. నీరు సొరంగమున పోయి మరల నదినే చేరునుగదా యందురు. నిజమే, కాని చేరునది మైళ్ల దిగువన! శీతకాలమున ఉద్ధవమూర్తి వేంచేసియుండు పాండుకేశ్వరము ఆ నడుమనే యున్నది. అచట స్నానమునకు దిగిన యాత్రికునికి నదిలో ఎంత మిగిల్చితిరో వారే చెప్పవలెను.